పరుగెత్తు పడుచువారి యెముకలు

(పట్టణ గ్రంథాలయ మందిరమున, యువజన సభలో మేము చేసిన ఉపన్యాసము)



దేహవ్యాయామమును గూర్చి నాలుగు మాటలు చెప్పుడని ఈ మందిర కార్యదర్శిగారు మమ్ము కోరినప్పుడు, వ్యాయామము మంచిదని చెప్పించుటకే కాబోలునని మేము మొదట తలచితిమి. ఆ మాటను కాదనువా రెవ్వరును లేరు. ఎవ్వరును కాదనని మాటను గంటసేపు చెప్పుట శ్రోతలకు శిక్ష. కావున మేము వేఱొక విషయము నెత్తుకొనుచున్నాము. తెల్లవాఱుజామున నాలుగున్నర గంటలకు మన కళాశాల మైదానమునకు పోయి చూచినవారికి కన్పట్టు దృశ్యమే ఆ విషయము.

ఏబదిమందికి తక్కువ గాకుండ పడుచువారు ఆ చీకటిలో చుట్లు తిరుగుచుందురు. కొందఱికి బూట్లు గలవు. కొందఱికి అరిగిపోయిన చెప్పులు. కొందఱికి అవియు లేవు. మైదానము చాలనివారు తారురోడ్డు మీదికి పోవుదురు. వీరు బహుమానములకై పరుగెత్తువారు కారు. పోలీసు కానిస్టేబులు ఉద్యోగమునకై, సైన్యములో అగ్నివీరుల కొలువునకై పరుగెత్తువారు. 2022లో తెలంగాణ ప్రకటన ననుసరించి పురుషులు 1600 మీటర్లను 7 నిమిషముల 15 సెకండ్లలోను, స్త్రీలు 800 మీటర్లను 5 నిమిషముల 20 సెకండ్లలోను పరుగెత్తవలసియుండెను. అనగా పురుషుడు నిమిషమునకు ఇంచుమించు 220 మీటర్లు పోవలెను. ఆఱునెలలు క్రమముగా సాధనచేసిన ఆరోగ్యవంతునకు ఇది అసాధ్యము కాదు. మూడువారములలో సాధింపబూనిన వానికి మాత్రము ఇది ఎముకలతో ఆడు జూదమే యగును.

గడచిన కార్తీకమున ఆ మైదానమందే ఒక కుఱ్ఱవానిని చూచితిమి. ఇరువది యొక్క యేండ్లవాడు; తండ్రి తాపీపని చేయును. మూడవ చుట్టులో ఆగి, కుడి మోకాటి క్రింది యెముకను బొటనవ్రేలితో అదిమిపట్టి గట్టుమీద కూలబడెను. ఏమి నాయనా యని యడిగితిమి. "ఏం లేదు సార్. మొదట్లో రెండు చుట్లు తిరిగితే నొప్పి పోయేది. ఇప్పుడు పోవడం లేదు. రాత్రి పడుకున్నా సలుపుతోంది" అనెను. వినాయకచవితి మఱునాడు పరుగు మొదలుపెట్టినాడట. మొదటిదినముననే ఆఱు కిలోమీటర్లు! నాలుగవ వారమున నొప్పి కనబడినది. శిక్షణ నిచ్చు పెద్దమనిషితో చెప్పగా, నొప్పి లేనిదే కండ రాదనియు, కుంటిసాకులు చెప్పువారికి ఖాకీ చొక్కా దక్కదనియు ఆయన సెలవిచ్చినాడట. ఆయన పేరు మేము చెప్పము. అట్టివారు ప్రతి పట్టణమునను గలరు.

ఈ నొప్పి యేమియో, ఏల పుట్టునో తెలిసికొందము. ఎముకను మనవారు ఱాతితో పోల్చుదురు. అది తప్పు. ఎముక ప్రాణమున్న పదార్థము. అది దినదినమును తన్ను తాను కూల్చుకొని కట్టుకొనుచుండును. కొత్త బరువు పడినప్పుడు, ఆ బరువునకు తగినట్లు మాఱుటకై, పాతభాగమును ముందు కొఱికివేయును. పిమ్మట కొత్తభాగమును పోసికొనును. కొఱికివేయు పని రెండుమూడు వారములలో ముగియును. కట్టుకొను పనికి నెలలు పట్టును. ఇల్లు బాగుచేయువాడు గోడను పడగొట్టి, కొత్తగోడ లేచుటకు ముందే పైకప్పు మీద బరువు పెంచినచో నేమగును? సాధన ప్రారంభించిన మూడవ నాలుగవ వారములలో ఎముక అట్టి పడగొట్టిన గోడవలె నుండును. సరిగా ఆ సమయముననే మన కుఱ్ఱవాడు దూరమును ఇనుమడింపజేయును. అప్పుడు ఎముకలో వెండ్రుకవంటి పగులు పుట్టును.

ఇది కొత్తగా పుట్టిన రోగము గాదు. 1855లో ప్రష్యా దేశపు సైనికవైద్యుడు బ్రైట్‌హౌప్ట్ అనునతడు దీర్ఘముగా నడచిన సైనికుల పాదములు వాచి నొప్పిపెట్టుటను వర్ణించెను. కారణము నాటికి తెలియదు. 1895లో ఎక్సురే కిరణములు వెలువడిన తరువాతనే అది ఎముక పగులని బయటపడెను. నేడు మన మైదానములలో కుంటుచున్నవారిది నాటి ప్రష్యా సిపాయిల వ్యాధియే.

మోకాటి క్రింద లోపలివైపున నిడుపుగా, ఎడముగా వ్యాపించిన నొప్పి యైనచో అది తఱచుగా ఎముకపై పొరకును, దాని నంటియున్న కండరములకును సంబంధించినది. పరుగు తగ్గించి, పిక్కలకు బలము చేకూర్చినచో మానును. వ్రేలితో చూపగలిగినంత ఒకేచోట నొప్పియుండి, అదిమినచో ప్రాణము పోయినట్లుండి, రాత్రివేళ గూడ సలుపుచుండినచో పగులని అనుమానింపవలెను. అప్పుడొక్కదినము గూడ పరుగెత్తరాదు. తొలి రెండుమూడు వారములలో తీసిన ఎక్సురేలో ఈ పగులు కనబడకపోవచ్చును. "ఎక్సురే శుభ్రముగా నున్నది, పరుగెత్తుము" అని చెప్పుట అందువలననే ప్రమాదకరము. ఎమ్మారై పరీక్షలో అది ముందుగానే కనబడును. ఇక గజ్జలలో నొప్పి వచ్చినవాడు వెంటనే వైద్యుని యొద్దకు పోవలెను. తుంటికీలు దగ్గఱ తొడయెముక మెడలోని పగులు పూర్తిగా విఱిగినచో, ఆ యెముక తలకు రక్తము పోవు దారి తెగి, ఇరువదియేండ్ల వయస్సుననే తుంటి చెడిపోవచ్చును.

మేము చెప్పిన కుఱ్ఱవానిని అతని తల్లి కట్టు కట్టువానియొద్దకు తీసికొనిపోయినది. పుత్తూరు కట్టు పేరెఱుగని ఇల్లు మన దేశమున అరుదు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, వెదురు బద్దలు, వీనితో కట్టు కట్టి ఎముకను కదలనీయకుండ నిలుపు నేర్పును మేము ఎగతాళి చేయము. కదలనీయకుండుటయే విఱిగిన యెముకకు మొదటి చికిత్స. అయితే కట్టు మిక్కిలి బిగిసినచో రక్తప్రసారమాగి, కాలికో చేతికో హాని గలుగును. పెరుగుచున్న బాలుని యెముక చివర దెబ్బతిన్నప్పుడు తడిమి చూచి తెలిసికొనుట ఎంత నేర్పరికిని సాధ్యము గాదు. పైగా ఈ పరుగు పగులునకు కట్టుతో పనియే లేదు. ఆ తల్లి ఇచ్చిన వేయి రూపాయలు పోయినవి. నొప్పి మాత్రము పోలేదు.

అంతకన్న ఘోరమైనది నొప్పిమాత్రల వాడుక. పరుగునకు అరగంట ముందు మాత్ర మ్రింగి మైదానమున దిగువారు పలువురున్నారని ఆ కుఱ్ఱవాడే మాతో చెప్పినాడు. నొప్పి యనునది ఇంటిలో కాపుకుక్క. అది మొఱుగుచున్నదని దాని నోరు కట్టి, దొంగను లోనికి రానిచ్చుట ఏ వివేకము? చెమటలు క్రక్కుచు, నీరు చాలని దేహముతో పరుగెత్తునప్పుడు ఈ మాత్రలు మూత్రపిండములకును కీడు చేయును.

చిన్నవారి మాట వేఱు. పండ్రెండు మొదలు పదునేనేండ్ల బాలుని యెముకల చివర పెరుగుదల జరుగు మెత్తని పొర లుండును. అవి చుట్టునున్న యెముకకన్న బలహీనములు. మోకాలిచిప్ప క్రింద బొడిపె లేచి నొప్పిపెట్టుటను 1903లో బోస్టను వైద్యుడు ఆస్‌గుడ్, జ్యూరిచ్ వైద్యుడు ష్లాటర్ వేర్వేఱుగా వర్ణించిరి. తొడకండరము లాగినప్పుడెల్ల ఆ లేతయెముక యెదురుకొను బాధ అది. ఎదుగుదల నిలిచినచో సాధారణముగా తానే శమించును. ఇట్టి బాలునికి ఆట బొత్తిగా మాన్పించుటయు, చెడుగుడు పోటీ యున్నదని బలవంతముగా దింపుటయు రెండును తప్పులే. అయిదు మొదలు పదునేడేండ్ల వారికి దినమునకు సగటున గంటసేపు దేహశ్రమ వలయునని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. మన ఊళ్లలో ఆటస్థలమే లేని పాఠశాలల పిల్లలకు ఆ గంట ఎక్కడ దొరకునో మేమెఱుగము.

ఇక చికిత్స. ఫిజియోథెరపీ యనగానే పక్షవాతము వచ్చిన తాతగారి చేతికి తైలము మర్దించుట యని మనలో పలువురు తలచుచున్నారు. జిల్లా ఆసుపత్రులలో ఆ విభాగములు గలవు. యువకులు మాత్రము ఆ గడప త్రొక్కరు. ఈ విద్యకు హైదరాబాదు నిమ్సులోను, తిరుపతి స్విమ్సులోను కళాశాలలు గలవు. 2021లో కేంద్రప్రభుత్వము ఈ వృత్తికి చట్టమును జేసినది. గాయపడినవానికి విశ్రాంతి యొక్కటియే చాలదు. పడుకొన్న కాలు సన్నబడును. సన్నబడిన కాలితో మరల పరుగెత్తినచో మరల పగులును. ఎముక మానువఱకు ఏ పని మానవలెనో, మానుచుండగా ఏ పని చేయవలెనో లెక్కగట్టి చెప్పుటయే ఫిజియోథెరపీ నిపుణుని విద్య.

మన కుఱ్ఱవానికి ఆసుపత్రిలోని యువతి యొకతె వ్రాసి యిచ్చిన క్రమమును మేము చూచితిమి. ఎనిమిది వారములు పరుగు లేదు. నొప్పిలేకుండ నడువవచ్చును, సైకిలు త్రొక్కవచ్చును. మెట్టు అంచున ఒంటికాలిపై నిలిచి మడమ నెత్తి దించుట, తుంటి కండరములకు బలమిచ్చు అభ్యాసములు, దినమునకు రెండు పూటలు. పిమ్మట అరగంటసేపు వేగముగా నొప్పిలేక నడువగలిగినప్పుడు, ఒంటికాలిపై గెంతినను నొప్పి లేనప్పుడు, ఒక నిమిషము పరుగు, రెండు నిమిషముల నడక. అదియును దినము విడిచి దినము. చూచుటకు ఇది పిల్లలాటవలె నున్నది. ఈ పిల్లలాటకు కావలసిన ఓర్పు 1600 మీటర్ల పరుగునకు కావలసినదానికన్న ఎక్కువ.

ఆ యోర్పునకు నిదర్శనము దూరమున వెదకనక్కఱలేదు. పుల్లెల గోపీచందు 1994లో జాతీయక్రీడలలో ఆడుచు మోకాటి బంధనములు తెగి పడిపోయెను. శస్త్రచికిత్సలు, నెలల తరబడి వ్యాయామచికిత్స జరిగిన పిమ్మట 2001లో ఆల్ ఇంగ్లండు బాడ్మింటను విజేత యయ్యెను. నడుమ గడచినవి ఏడేండ్లు. పి.వి. సింధు 2022 ఆగస్టులో బర్మింగ్‌హాము కామన్వెల్తు క్రీడలలో స్వర్ణపతకము గెలిచినది. ఆ నెలలోనే ప్రపంచపోటీలను విడిచిపెట్టినది. కారణము ఎడమకాలి చీలమండలో మేము చెప్పుచున్న ఈ పగులే. మరల ఆమె పోటీకి దిగినది 2023 జనవరిలో. ఒలింపికు పతకములు రెండు గెలిచిన వ్యక్తి అయిదునెలలు ఆగినది. మన శిక్షకుల లెక్కలో ఆమెయు కుంటిసాకులు చెప్పినదే కావలెను!

శిక్షకులకు ఒక మాట. తక్కువ పరుగెత్తించినచో కుఱ్ఱవారు వెనుకబడుదురని మీ భయము. అమెరికాలో మెరీను రంగరూట్లపై 1990వ దశకమున పరిశీలన జరిగినది. శిక్షణలోని పరుగుదూరమును ఇంచుమించు 40 శాతము తగ్గింపగా, ఎముక పగుళ్లు సగమునకు పైగా తగ్గినవి. పరుగువేగమున కలిగిన తేడా బహుస్వల్పము. మన తాలీంఖానాల గురువులకు ఈ లెక్కలు తెలియవు. అయినను కొత్తగా వచ్చినవానిచేత మొదట గోదా మన్ను త్రవ్వించి, కొలదిగా బస్కీలు తీయించి, సంఖ్యను మెల్లగా పెంచెడివారు. కోడి రామమూర్తినాయుడుగారు పుట్టిన నాట ఈ జ్ఞానము కొత్తగా దిగుమతి చేసికొనవలసిన దుర్గతి పట్టుట విచారకరము.

తప్పు శిక్షకునిది మాత్రమే గాదు. ఆంధ్రప్రదేశమున 2022 నవంబరులో కానిస్టేబులు ఉద్యోగముల ప్రకటన వెలువడినది. 2023 జనవరిలో ప్రాథమిక పరీక్ష జరిగినది. యువకులు "ఈవెంట్లు" అని పిలుచు దేహపరీక్షలు 2024 డిసెంబరు చివరకు గాని మొదలుకాలేదు. ఇంచుమించు రెండేండ్లపాటు పేదయింటి కుఱ్ఱవాడు కూలికి పోక, పాలు గ్రుడ్లు కొనుచు, ఎన్నాళ్లు పరుగెత్తగలడు? విడిచిపెట్టును. తేది తెలియగానే ఉఱుకును. నాలుగవ వారమున ఎముక పగులును. పరీక్షతేదిని కనీసము నాలుగునెలల ముందు ప్రకటించి, దానిని మార్చకుండుట ప్రభుత్వమునకు దమ్మిడీ ఖర్చులేని పని. గాయపడినట్లు ప్రభుత్వవైద్యుడు ధ్రువపఱచిన అభ్యర్థికి అదే నియామకములో మఱొక తేది నిచ్చుట న్యాయము. ఈ రెండింటిని మేము అడుగుచున్నాము. ఇందు తీర్మానము చేయవలసినది ఈ సభ.

సోదరీమణులకు ప్రత్యేకముగా ఒకటి చెప్పవలసియున్నది. సభలో చెప్పదగునా యని కొందఱు పెద్దలు ముఖము చిట్లింపవచ్చును. చెప్పకుండుట వలన కలుగు నష్టము ఎక్కువ. బరువు తగ్గవలెనని అన్నము మాని పరుగెత్తు బాలికకు నెలసరి ఆగిపోయినచో, అది సాధనకు గుర్తుగాదు. దేహమునకు ఆహారము చాలలేదనుటకు గుర్తు. అట్టి స్థితిలో ఎముక పలుచనై త్వరగా పగులును. వైద్యురాలికి చెప్పవలెను, కడుపునిండ తినవలెను. నూఱు గ్రాముల రాగులలో ఇంచుమించు 350 మిల్లీగ్రాముల సున్నపుపదార్థము గలదు. డబ్బాలలో అమ్ము పొడులకన్న రాగిసంకటి చౌక.

ఆ తాపీమేస్త్రి కొడుకు ఇపుడు నిమిషము పరుగు, నిమిషము నడక అను మెట్టునకు వచ్చినాడు. మొన్న ఉగాదినాటి ఉదయమున మైదానమున కనబడి, గడియారము చూచుకొనుచు మమ్ము పలుకరించినాడు. తోటివారు ప్రక్కనుండి దూసికొనిపోవుచు నవ్వుచున్నారు. "నవ్వనీయండి సార్, ఇంకా ఆరు వారాలు ఇలాగే" అని, నిమిషము నిండగానే మాట నడుమనే విడిచి నడక సాగించినాడు. కొత్త ప్రకటన ఎప్పుడు వచ్చునో అతడెఱుగడు.