పరుల బిడ్డల ఛాయాచిత్రములు

(సంఘ సభ్యుల సాయంకాల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కార్యదర్శిగారు నన్ను ఛాయాగ్రహణకళను గూర్చి ఏదైనను చెప్పుమని కోరిరి. కటకములు, వెలుతురు, రంగుల పొందిక మున్నగువానిని గూర్చి నాకంటె బాగుగ తెలిసినవారు ఈ సభలోనే కలరు. కావున ఆ కళకు సంబంధించిన ఒక చిక్కు ప్రశ్నను మాత్రమే నేను తీసికొందును. వీథిలో, ఉద్యానవనమున, రైలుస్టేషనులో, తిరునాళ్లలో మనకు కనబడిన పరుల బిడ్డను మనము చిత్రింపవచ్చునా? చిత్రించితిమి పో, ఆ చిత్రము ఎవరిది?

ఆదివారము సాయంకాలము ఇండియా గేటు పచ్చికబయళ్లకు పోయి చూడుడు. సబ్బునీటి బుడగల వెంట పరుగెత్తు పిల్లలు, ఐసుక్రీము మోచేతిదాక కారిన పిల్లలు, తండ్రి భుజముపై వాలి నిద్రించు పిల్లలు. ఇవన్నియు చూచియు కెమేరా తీయవలెనని తోచనివాని కంటిలోనే ఏదో లోపమున్నదనవలెను. ఆ కోరికను నేను తప్పుపట్టను. పసివాని ముఖములో దాపరికము లేదు. పెద్దవారు కెమేరా చూడగనే వేషము వేసికొందురు. పిల్లలకు ఆ విద్య ఇంకను రాలేదు. చిత్రకారునికి వారియందు మక్కువ కలుగుటకు కారణమిదియే. వారి విషయమున మనము జాగ్రత్త వహింపవలసిన కారణము కూడ ఇదియే.

మన పల్లెలలో పసిబిడ్డకు ఫొటో తీయించిన ఆయువు క్షీణించునని పెద్దలు భయపడెడివారు. బుగ్గపైనను, అరికాలియందును కాటుకచుక్క పెట్టి గాని బిడ్డను వీథిలోనికి తీసికొని రాని తల్లులు నేటికిని కలరు. కాటుకచుక్క దేనిని ఆపజాలదని నేనును ఎరుగుదును. కాని ఆ ఆచారమువెనుక ఒక మర్యాద దాగియున్నది. బిడ్డను చూచుటకు సైతము ఒక హద్దు కలదనియు, ఆ హద్దును నిర్ణయించునది తల్లి అనియు మనవారు ఎంచిరి. పొరుగింటి బిడ్డను ఎత్తుకొనగోరిన అమ్మలక్కలు "ఏదీ, ఒక్కసారి ఇటు ఇయ్యవమ్మా" అని చేతులు చాచి నిలుతురు గాని ఒడిలోనుండి లాగుకొనరు.

ఛాయాగ్రహణము మన దేశమునకు వచ్చిన తొలినాళ్లలో ఈ ప్రశ్న అంతగా పుట్టలేదు. చిత్రము కావలసినవారు తామే స్టూడియో గడప తొక్కెడివారు. నిజాముగారి ఆస్థాన ఛాయాగ్రాహకుడైన రాజా దీనదయాళు 1892లో హైదరాబాదున ఘోషా స్త్రీలకొరకు ప్రత్యేకముగ ఒక జెనానా స్టూడియోను నెలకొల్పి, దాని నిర్వహణమును ఒక ఆంగ్లేయ వనితకు అప్పగించెను. ఎవరు చూడవచ్చును, ఎంతవరకు చూడవచ్చును అను నిర్ణయము కూర్చున్నవారి చేతిలోనే యుండెను. కెమేరా చిన్నదై చేతిలోనికి వచ్చి వీథిలో పడిన తరువాతనే ఆ నిర్ణయము తీయువాని చేతిలోనికి మారినది.

అట్లు మారుటవలన కళకు మేలు జరుగలేదని చెప్పజాలను. న్యూయార్కు నగరమున హెలెన్ లెవిట్ అను ఛాయాగ్రాహకురాలు 1930ల చివరినుండి పేదవాడల పిల్లలను చిత్రించినది. సుద్దముక్కలతో గోడలపై, కాలిబాటలపై బొమ్మలు గీయువారు, ముసుగులు ధరించి వాకిట నిలిచినవారు ఆ చిత్రములలో కనబడుదురు. ఆమె తన కెమేరాకు పక్కవాటుగ చూపు పరికరము నొకదానిని అమర్చుకొనెడిది. ఆమె ఒకవైపు చూచుచున్నట్లుండును, తీసిన చిత్రము వేరొకవైపుది. 1943లో ఆ నగరపు ఆధునిక కళాప్రదర్శనశాల ఆ చిత్రములను ప్రదర్శించినది. ముందుగ తల్లుల అనుమతి అడిగియుండినచో అవి ఉండెడివి కావు. ఏ దేశపు తల్లియైనను, ఫొటో అనగనే బిడ్డ మూతి తుడుచును, తల సవరించును, నవ్వుమనును. ఆ తరువాత వచ్చునది వేరొక చిత్రము.

ఇది గట్టి వాదమే. ముందుగ అడిగినచో సహజత్వము చెడునందురు. సరియే, తీసిన తరువాత అడుగుడు. ఫిల్ము కాలమున తీసినదానిని అప్పటికప్పుడు చూపుటకు గాని చెరుపుటకు గాని వీలులేకుండెను. నేడు చిత్రమును తల్లికి చూపవచ్చును. వలదన్నచో ఆమె కన్నులయెదుటనే తీసివేయవచ్చును. (అనేకములైన ఫోన్లలో తీసివేసిన చిత్రము నెలదినములవరకు వేరొక అరలో దాగియుండును. అక్కడనుండి కూడ తొలగించిననే మాట దక్కినట్లు.) అడుగుటకు సిగ్గుపడువారు, ఆ సిగ్గు ఎందుకు కలిగినదో తమలో తాము విచారించుకొనుట మంచిది.

ఒక సంగతి చెప్పెదను. ఈ నగరమున కట్టబడుచున్న ఒక భవనమువద్ద పాలమూరు జిల్లానుండి వచ్చిన కూలీలు పనిచేయుచుండిరి. ఒక తల్లి రెండు గుంజలకు చీర కట్టి ఉయ్యాల చేసి బిడ్డను పరుండబెట్టి ఇటుకలు మోయుచున్నది. అటు పోవుచున్న ఒక పెద్దమనిషి ఆగి ఆ ఉయ్యాలను నాలుగువైపులనుండి చిత్రించి, తల్లిని పిలిచి చూపి, పదిరూపాయల నోటు చేతిలో పెట్టెను. చిత్రము నిజముగ చక్కగ నున్నది. ఆమె నోటు తీసికొనలేదు. నేను తెలుగువాడనని గ్రహించి నన్నడిగినది: "సారూ, గా ఫొటో యాడికి పోతది?" నేను ఆ ప్రశ్నను హిందీలో ఆయనకు చెప్పితిని. ఆయన క్షణకాలము ఆలోచించి, ఇంకను నిర్ణయించుకొనలేదని ఉత్తరమిచ్చెను. ఆయన అబద్ధమాడలేదు. కాని అంత నిజమైన ఉత్తరముకూడ ఆమెకు పనికిరాలేదు. ఆమె ఉయ్యాల విప్పి బిడ్డను లోపలికి తీసికొని పోయినది.

నీతి గ్రంథములన్నిటికంటె ఆమె ప్రశ్నయే నాకు ఎక్కువ పనికివచ్చినది. చిత్రము తీయుట ఒక క్షణము. అది పోవు దారి మాత్రము బహుదీర్ఘము. లెవిట్ తీసిన చిత్రములు ప్రదర్శనశాల గోడలకును, పుస్తకములకును చేరినవి. వానిలో బిడ్డ పేరు లేదు, ఇల్లు లేదు. నేటి ఫోను, అమరిక అట్లున్నచో, చిత్రము తీసిన చోటును అక్షాంశ రేఖాంశములతో సహా ఆ చిత్రములోనే వ్రాసిపెట్టును. బిడ్డ మెడలోని టై, చొక్కాపైని బిళ్ల పాఠశాల పేరు చెప్పును. వాట్సాప్ బృందములో పెట్టినది రాత్రి భోజనము ముగియులోపల ఎన్ని ఊళ్లు తిరుగునో పెట్టినవారికే తెలియదు. ఇప్పుడు కృత్రిమ మేధ యంత్రములు వచ్చి ఒక ముఖమును తీసి వేరొక దేహమునకు అతుకుచున్నవి. ఆ దుర్మార్గమును గూర్చి ఈ సభలో వివరింప నవసరము లేదు. తీసినవాని మనస్సు నిర్మలమైనంతమాత్రమున చిత్రమునకు రక్ష లేదు.

చిత్రము పోవు దారి ఎంత పొడవో తెలియుటకు ఒక ఉదాహరణము చాలును. 1984లో పాకిస్థానమున పెషావరు సమీపమున నాసిర్‌బాగ్ శరణార్థి శిబిరములో, స్టీవ్ మెకరీ అను అమెరికను ఛాయాగ్రాహకుడు ఒక ఆఫ్ఘను బాలికను చిత్రించెను. ఆమెకు అప్పుడు సుమారు పండ్రెండేండ్లు. 1985 జూనులో నేషనల్ జియాగ్రఫిక్ పత్రిక ముఖచిత్రముగ వెలసి, ఆ పచ్చని కన్నులు లోకమంతట ప్రసిద్ధి చెందినవి. ఆయన ఆమె పేరు వ్రాసికొనలేదు. పదియేడేండ్లకు, 2002లో, వెదకికొనుచు పోగా ఆమె షర్బత్ గులా అని తెలిసినది. ఆ చిత్రమును ఆమె అంతవరకు చూడనేలేదు! ఇంటింట ఎరిగిన ముఖము తనదని ఎరుగనిది ఆమె ఒక్కతెయే. 2016లో నకిలీ గుర్తింపు కార్డు నేరముపై పాకిస్థానమున ఆమెను నిర్బంధించి స్వదేశమునకు పంపివేసిరి. ఆ కీర్తివలననే ఆ వార్తయు లోకమంతట ప్రాకినది. 2021లో ఇటలీ ఆమెకు ఆశ్రయమిచ్చినది. ఆ చిత్రమువలన తనకు మేలుకన్న చిక్కులే ఎక్కువ కలిగినవని ఆమె స్వయముగ చెప్పియున్నది. మెకరీ చెడ్డవాడని నేననను. ఆ చిత్రమువలన శరణార్థుల దుఃఖము లోకమునకు తెలిసినమాట నిజము. పేరు అడిగి, ఒక ప్రతి ఆమెకు చేర్చుటకు పదియేడేండ్లు పట్టవలెనా అనునది నా ప్రశ్న.

అట్లయిన బాధలో నున్న బిడ్డను ఎన్నడును చిత్రింపరాదా అని అడుగుదురు. 1984 డిసెంబరులో భోపాలు విషవాయువు కాండము జరిగినప్పుడు, మట్టిలో కప్పబడుచున్న ఒక శిశువు ముఖమును రఘు రాయ్, పాబ్లో బార్తలోమ్యూ ఇరువురును చిత్రించిరి. ఆ శిశువు ఎవరో నేటికిని తెలియదు. అనుమతి అడుగుటకు ఎవరున్నారు? అయినను ఆ చిత్రము లేకపోయినచో ఆ రాత్రి జరిగిన ఘోరము అంకెలలో కలిసిపోయెడిది. దానిని తీయుట ధర్మమే యని నా అభిప్రాయము. అంతకుముందు, 1908నుండి, అమెరికాలో లూయిస్ హైన్ అను ఉపాధ్యాయుడు నూలుమిల్లులలో, గనులలో పనిచేయు పసివారిని చిత్రించెను. యజమానులు లోనికి రానీయనందున వేరువేరు వేషములతో ప్రవేశించెను. కోటు గుండీలను కొలతగ పెట్టుకొని పిల్లల ఎత్తును గుర్తించుకొనెను. పేరు, వయస్సు, ఎన్నిగంటలు పని అనునవి వ్రాసికొనెను. యజమానులను మోసగించెను గాని, తన చిత్రములోని పిల్లలను మాత్రము పేరులేని బొమ్మలుగ చూడలేదు. చిత్రము ఎక్కడికి పోవునో, ఎందుకు పోవునో ఆయనకు తెలియును. ఉయ్యాలను చిత్రించిన పెద్దమనిషికిని ఆయనకును గల భేదము అదియే.

చట్టమును గూర్చి రెండు ముక్కలు. బహిరంగ స్థలమున పరుల బిడ్డను చిత్రించుటను మన చట్టము సామాన్యముగ నిషేధింపలేదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము చిత్రమునకు మొదటి హక్కుదారు దానిని తీసినవాడు. డబ్బిచ్చి తీయించుకొన్నచో, వేరు ఒప్పందము లేనియెడల, తీయించుకొన్నవారు. ఎవరి ముఖము అను ప్రశ్న అందు లేదు. 2015 నాటి బాలల న్యాయచట్టము 74వ సెక్షను మాత్రము, విచారణలలో చిక్కిన బిడ్డను, రక్షణ అవసరమైన బిడ్డను, నేరమునకు గురియైన లేక సాక్షియైన బిడ్డను గుర్తుపట్టునట్లు చిత్రము గాని వివరము గాని ప్రకటింపరాదనుచున్నది. ఆరు మాసములవరకు ఖైదు, రెండు లక్షల రూపాయలవరకు జరిమానా, లేక రెండును. 2017లో సుప్రీముకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము, ఏకాంతము ప్రాథమిక హక్కే యని తీర్పు చెప్పినది. 2023 నాటి వ్యక్తిగత సమాచార చట్టము పదునెనిమిదేండ్లు నిండనివారి సమాచారమునకు తల్లిదండ్రుల అనుమతి కావలెననెను గాని, వ్యక్తులు తమ సొంత, గృహావసరములకు వాడుకొనుదానిని మినహాయించినది. మన ఫోనులోని చిత్రములు చాలవరకు ఆ మినహాయింపు నీడలోనే యుండును. చట్టము మౌనముగ నున్న ఆ చోటనే మర్యాద మాటలాడవలసియున్నది.

పూర్వము మన ఊళ్లలో దూరదేశము పోవువారు సొమ్మును నమ్మకమైనవారియింట ఇల్లడ పెట్టెడివారు. దాచినవాడు దానిని అనుభవింపరాదు. ఇచ్చినవాడు వచ్చి అడిగిననాడు ఇచ్చివేయవలెను. బిడ్డ చిత్రము అట్టి ఇల్లడయే. తల్లి అనుమతియైనను తాత్కాలికమే. అడుగవలసినవాడు ఇంకను పెరుగుచున్నాడు. పెరిగి వచ్చి, ఇది నాది, దీనిని ఎక్కడెక్కడికి పంపితివని అడుగువరకు అది మనవద్ద నుండునంతే.

మనలో పెక్కుమందిమి ప్రభుత్వ శాఖలలో పనిచేయువారము. పర్యటనకు పోవుదుము, నివేదికకు చిత్రములు జతపరచవలెను. మధ్యాహ్న భోజనపు పళ్లెము పట్టుకొన్న బిడ్డ, వరదబాధితుల శిబిరమున దుప్పటి అందుకొను బిడ్డ, వెనుక అధికారుల వరుస. బిడ్డ కెమేరావైపు చూడనిచో మరల ఇప్పించి మరల తీయుదురు. ఆ దుప్పటి ఆ బిడ్డ హక్కు. చిత్రము దానికి వెలగా పుచ్చుకొనుట తగదు. పని జరిగినదని రుజువు కావలెనన్నచో నిల్వ పుస్తకమున్నది, సంతకములున్నవి, పిల్లలను వెనుకనుండి తీసిన చిత్రమున్నది. ముఖము కావలెనని ఏ నిబంధనయైనను అడుగుచున్నచో, ఆ నిబంధనను మార్పుడని పైకి వ్రాయుటకు మనకంటె తగినవారెవరు?

ఇక మన సంఘము మాట. ఉగాదికి మన పిల్లలు నాట్యము చేయుదురు, విచిత్రవేషములు వేయుదురు. ప్రేక్షకులలో సగముమంది ఫోన్లు ఎత్తి పట్టుకొందురు. వెనుక వరుసవారికి పిల్లలకు బదులు ఫోన్లే కనబడును. ఎవరి బిడ్డను ఎవరు తీసిరో, ఏ బృందమునకు పంపిరో లెక్కలేదు. ఈ సంచికలో అచ్చువేయు చిత్రములకింద బిడ్డ పేరు, తరగతి, పాఠశాల వరుసగ వ్రాయుట మన వాడుక. పేరు చాలునని నా మనవి. ప్రదర్శనలో పాల్గొను పిల్లల దరఖాస్తులో రెండు పంక్తులు చేర్చిన బాగుండును: సంచికలో చిత్రము అచ్చువేయవచ్చునా అని యొకటి, సభ్యుల బృందములకు పంపవచ్చునా అని రెండవది. రెండింటికిని ఒకే సంతకము పనికిరాదు. పదేండ్లు దాటినచో బిడ్డ కూడ తన చేవ్రాలు పెట్టవలెను. మూడేండ్ల పిల్ల ముఖమునకు చేతులు అడ్డము పెట్టుకొన్నచో, తల్లి "ఫరవాలేదు, తీయండి" అనినను, తీయువాడు ఆగవలెను. ఆ పిల్ల అభ్యంతరమును దరఖాస్తులో వ్రాయజాలదు గనుక చేతులతో చెప్పినది.

అట్టి దరఖాస్తు నమూనా నొకదానిని వ్రాసి కార్యదర్శిగారికి ఇచ్చియున్నాను. వచ్చు కార్యవర్గ సమావేశములోపల సభ్యులు దానిని చూచి, మార్పులున్నచో అంచున వ్రాసి యిచ్చెదరుగాక.