ఎవరి స్వేచ్ఛ?



మన పిల్లలు ఎందరో స్థిరపడిన డాలస్ నగరం టెక్సస్ రాష్ట్రంలో ఉంది. 2010 నుంచి 2020 వరకు అక్కడి జనాభా దాదాపు 40 లక్షలు పెరిగింది. వ్యక్తిగత ఆదాయం మీద రాష్ట్ర పన్ను లేదు. స్వేచ్ఛే మా సంస్కృతి అంటారు అక్కడివారు.

ఆ పెరుగుదలకు ఇళ్లూ రోడ్లూ కట్టేది ఎండలో మాడే కూలీలు. వారిలో చాలామంది వలస వచ్చినవారే. నిర్మాణ కూలీకి నాలుగు గంటలకోసారి 10 నిమిషాల విరామం ఇవ్వాలని ఆస్టిన్ 2010లో, డాలస్ 2015లో నిబంధన పెట్టాయి. 2023లో గవర్నర్ గ్రెగ్ అబాట్ ఒక చట్టంపై సంతకం చేశారు. కార్మిక విషయాల్లో రాష్ట్ర చట్టాన్ని మించి నగరాలు నిబంధనలు పెట్టకూడదని దాని సారం. రాష్ట్ర చట్టంలోనేమో ఆ విరామం లేనే లేదు! ఊరికో రూలు ఉంటే వ్యాపారం సాగదన్నది సమర్థకుల వాదన.

యజమానికి స్వేచ్ఛ సరే, గుక్కెడు నీళ్లకు ఆగే స్వేచ్ఛ కూలీకి వద్దా? గలతీ పత్రిక 5వ అధ్యాయంలో పౌలు స్వాతంత్ర్యాన్ని పొరుగువాడి సేవతో ముడిపెట్టాడు. ఆ ముడి విప్పితే మిగిలేది బలవంతుడి ఇష్టమే.

ఈసారి ఫోన్ చేసినప్పుడు మీ పిల్లల్ని అడగండి: "నాయనా, నీ ఇల్లు కట్టినవాళ్లకు నీళ్లు తాగే తీరిక దొరికిందా?"