సీతమ్మ గారి కోసం వెదుకుతూ

(మండపేటలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డొక్కా సీతమ్మ గారి గురించి ఈ ఊళ్ళో మాట్లాడడమంటే పుట్టింటివాళ్ళకు వాళ్ళ ఆడపడుచు కబుర్లు చెప్పడమే. ఆమె 1841లో ఈ మండపేటలోనే పుట్టారు. తండ్రి అనుపిండి భవానీశంకరం, తల్లి నరసమ్మ. లంకల గన్నవరానికి చెందిన డొక్కా జోగన్న గారిని పెళ్ళాడి కోనసీమకు వెళ్ళారు. ఆకలితో వచ్చినవాళ్ళకు దశాబ్దాలపాటు అన్నం వండి పెట్టారు. 1909లో కన్నుమూశారు. ఇది మీ అందరికీ తెలిసిందే. ఆమె జీవిత చరిత్ర రాద్దామని కూర్చుంటే, ఇంతకు మించి నాలుగు పేజీలు రాయడం ఎంత కష్టమో నాకు తెలిసివచ్చింది.

కాగితాలతో మొదలుపెట్టాను. ఆమె పుట్టేనాటికి ఇది రాజమండ్రి జిల్లా. 1859లో గోదావరి జిల్లా అయింది. జనన మరణాలు ఇప్పటిలా రాసే పద్ధతి అప్పట్లో లేదు. సర్కారు లెక్కల్లో ఉండేది భూమి, శిస్తు, పట్టాదారు పేరు. భర్త బతికి ఉండగా ఆయన పొలంమీద భార్యకు హక్కు లేదు. ఉమ్మడి కుటుంబంలో భర్త పోతే ఆమెకు దక్కేది మనోవర్తి. వితంతువుకు పరిమితంగానైనా వాటా ఇచ్చిన చట్టం 1937లో గానీ రాలేదు. ఇక పట్టాలు వెదికితే సీతమ్మ గారు ఎలా కనిపిస్తారు?

మన పొరుగున ద్రాక్షారామంలో పుట్టిన దువ్వూరి సుబ్బమ్మ గారు సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్ళారు. ప్రభుత్వంతో తలపడ్డ స్త్రీ గురించి ప్రభుత్వమే ఎంతో కొంత రాసి పెడుతుంది. పొయ్యి దగ్గర బతుకంతా గడిపిన స్త్రీ గురించి ఎవరు రాస్తారు?

కాగితం దొరకనప్పుడు మిగిలేవి కథలు. వాటిని కొట్టిపారేయకూడదు. అలాగని ఉన్నదున్నట్టు మింగేయనూ కూడదు. అందరూ చెప్పే కథ ఒకటుంది. సీతమ్మ గారు ఎన్నాళ్ళకో అంతర్వేది స్వామి దర్శనానికని పల్లకిలో బయలుదేరారట. దారిలో ఆకలితో ఉన్న పెళ్ళివారు, ఇంకాస్త ఓర్చుకుంటే సీతమ్మ గారింట్లో అన్నం దొరుకుతుందని పిల్లలను సముదాయించుకోవడం విన్నారట. అక్కడినుంచే వెనక్కి తిరిగి, ఇంటికొచ్చి వాళ్ళకు వండి పెట్టారట.

చిన్నప్పుడు ఈ కథ విని చేతులెత్తి దండం పెట్టాను. ఇప్పుడు వింటుంటే మరోటి తోస్తోంది. ఒక్క పూట ఆవిడ లేకపోతే ఆ ఇంట్లో అన్నం పెట్టే దిక్కు లేదా? ఎన్నాళ్ళకో ఒకసారి గడప దాటిన స్త్రీకి ఆ ప్రయాణం కూడా పూర్తి కాలేదు. మనం దాన్ని త్యాగం అన్నాం. సెలవు లేని చాకిరీ అని ఒక్కరూ అనలేదు.

ఏడవ ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆహ్వానం వస్తే రానన్నారనీ, ఫొటోకి కూడా ఒప్పుకోలేదనీ, ఫొటో తేకపోతే తన ఉద్యోగం పోతుందని అధికారి బతిమాలితే సరేనన్నారనీ మరో కథ. 1903 నాటి ముచ్చటగా చెబుతారు. ఇందులో నాకు నచ్చింది రాజుగారి ఆహ్వానం కాదు, ఆవిడ చెప్పిన "రాను" అన్న మాట. అన్నపూర్ణ అని పూజించేటప్పుడు మనం మరిచిపోయేది ఈ మనిషినే. తనకంటూ ఇష్టాయిష్టాలున్న మనిషిని.

కాగితంలో లేని మరో సంగతి శ్రమ. బియ్యం మిల్లులు రాని రోజులవి. ధాన్యం రోట్లో పోసి రోకళ్ళతో దంచాలి. చేటతో చెరగాలి. నీళ్ళు మోయాలి, కట్టెలు కొట్టాలి, పప్పు విసరాలి. విస్తళ్ళు ఎత్తాలి, అంట్లు తోమాలి. వేళాపాళా లేకుండా వచ్చేవాళ్ళకు పెట్టడం రెండు చేతులవల్ల అయ్యే పని కాదు. ఆ దంపుళ్ళు దంచిందెవరు? వాళ్ళకు కూలి ఎంత? ఆ పంక్తిలో ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టారు? ఈ ప్రశ్నలు వేస్తే సీతమ్మ గారి గొప్పతనం తరిగిపోదు. ఆవిడ పక్కన ఇంకొందరు నిలబడతారు, అంతే.

ఇదంతా పాత సంగతి కాదు. 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకానికి సీతమ్మ గారి పేరు పెట్టారు. సంతోషమే. కానీ ఆ వంట చేసే ఆడవాళ్ళ సంగతి? 2019లో వాళ్ళకు నెలకు వెయ్యి రూపాయలనుంచి మూడు వేలకు పెంచినప్పుడు కూడా దాన్ని జీతం అనలేదు, గౌరవ వేతనం అన్నారు. అన్నం పెట్టడం పుణ్యమైనప్పుడు జీతమడగడం పాపమవుతుంది కాబోలు! సీతమ్మ గారిని దేవతను చేయడంవల్ల వచ్చే నష్టం ఇక్కడుంది.

1986లో స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" తెచ్చింది. తెలంగాణా పోరాటంలో పాల్గొన్న స్త్రీలను బతికుండగానే కలిసి, వాళ్ళ మాటల్లోనే రాసుకుంది. సీతమ్మ గారి విషయంలో మనకా అదృష్టం లేదు. మీ ఊరి బడిలో వండుతున్న ఆవిడ విషయంలో ఉంది. కనుక మిమ్మల్ని ఒకటి కోరుతున్నాను. ఊళ్ళకు తిరిగి వెళ్ళాక ఆమె దగ్గర కూర్చోండి. పేరు, ఎన్నేళ్ళుగా చేస్తోంది, ఎన్నింటికి లేస్తుంది, కట్టెలకూ గ్యాసుకూ ఎవరు పెట్టుకుంటున్నారు, డబ్బు ఏ నెలది ఎప్పుడు అందింది, అన్నీ రాయండి. తేదీ వేయండి. రాసింది ఆమెకు చదివి వినిపించండి.

నేను సీతమ్మ గారి పుస్తకం రాస్తూనే ఉంటాను. అందులో ఖాళీలు ఖాళీలుగానే ఉంటాయి, వాటిని మహిమలతో పూడ్చను. రేపు ఈ వంటమ్మల కోసం వెదికేవాళ్ళకు మాత్రం ఆ ఖాళీలు మిగల్చకండి.

సెలవు.