పుట్టికి చిల్లు పడిందా?



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల పక్కనే కృష్ణమ్మ పారుతుంది. అక్కడి జాలరులకు పుట్టే ఆధారం.

పుట్టి అంటే గుండ్రటి వెదురుబుట్ట. దానికి ఒకప్పుడు తోలు కప్పేవారు. ఇప్పుడు ప్లాస్టిక్ పట్టా కప్పి తారు పూస్తున్నారు.

ఒడ్డున పడి ఉన్న పుట్టికి ఎండకు తారు పగులుతుంది. పట్టాను ఎలుక కొరుకుతుంది. పైకి చూస్తే చిల్లు కనపడదు.

మరి ఎట్లా తెలుస్తది? పుట్టిని రాళ్ల మీద నిలపండి. లోపల రెండు బిందెల నీళ్లు పోయండి. అడుగున ఎక్కడ తడి కనపడితే అక్కడే చిల్లు. బొగ్గుతో గుర్తు పెట్టండి.

నీళ్లు పారబోసి బాగా ఆరబెట్టండి. తడి మీద తారు అంటదు. చిల్లు మీద గుడ్డ పెట్టి కాచిన తారు పూయాలి. ఆరినంక మళ్లీ నీళ్లు పోసి చూడాలి.

ఇంకా కారితే పుట్టి ఎక్కొద్దు. ఒకరోజు కూలి పోతే మళ్లొస్తది. పానం పోతే రాదు.