కావలి కుక్కకు దేవులాట: ఏ తిండి పెట్టాలి?



సిద్దిపేట ప్రాంతంలో మక్క చేలకు అడవిపందుల బాధ, కోతుల బాధ ఎంతటిదో నేను మీకు చెప్పనక్కరలేదు. అందుకే చాలామంది బావికాడి కొట్టం దగ్గర ఒక కుక్కను పెంచుతున్నారు. రాత్రి కావలి కాసే ఆ కుక్క పగలంతా గొలుసు మీదనే ఉంటుంది. పని లేని కుక్క ఊరికే మొరుగుతుంది, గుంతలు తవ్వుతుంది, డ్రిప్పు పైపులు కొరుకుతుంది.

కుక్కకు కళ్ళకంటె ముక్కే పెద్ద దిక్కు. ఆ ముక్కుకు రోజూ పది నిమిషాలు పని చెప్పండి. పాత తట్టలో నాలుగు కొబ్బరి చిప్పలు బోర్లించి, రెండింటి కింద తిండి ముక్కలు దాచి, "దేవులాడు" అనండి. మొదటి రోజుల్లో అది చూస్తుండగానే దాచాలి. ఆట అయ్యేదాకా దగ్గరే ఉండి, చిప్పలు కొరకకుండా చూసి, తర్వాత తట్ట ఎత్తిపెట్టండి.

ఇక తిండి సంగతి. ముక్క రేగుపండంత ఉంటే చాలు. వాసన ఉండాలి, ఉప్పు కారం ఉండరాదు. జొన్నరొట్టె ముక్క, ఉడికిన గుడ్డు, ఉడికించిన కందగడ్డ, ఎముక లేని ఉడికిన మాంసం మంచివి. ఇవన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు మించకుండా, ఆ మేరకు పూట తిండి తగ్గించండి.

పెట్టకూడనివి కూడా వినండి. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ కుక్క నెత్తురును చెరుస్తాయి. కనుక మిగిలిన కూరముక్కలు వద్దు. ద్రాక్ష, కిస్‌మిస్ మూత్రపిండాలకు చేటు. ఉడికిన ఎముకలు చీలి పేగులో గుచ్చుకుంటాయి. గింజలు ఒలిచిన మక్క బెండును మింగితే పేగుకు అడ్డం పడుతుంది. గొర్రెను కోసినప్పుడు నీటిబుడగలున్న కాలేయం, ఊపిరితిత్తులు కుక్కకు వేయరాదు. అందులోని పురుగు కుక్క పేగులో పెరుగుతుంది. దాని గుడ్లు పెంటతో బయటపడి గొర్రెలకూ, మనుషులకూ చేరుతాయి.

అన్నిటికంటె ముఖ్యమైన మాట ఒకటున్నది. ఎలుకల కోసం మనం పెట్టే ఎర దేనితో చేస్తాం? 96 పాళ్ళ నూకలు, 2 పాళ్ళ నూనె, 2 పాళ్ళ జింక్ ఫాస్ఫైడ్. నూనె కలిపిన నూకలతో దేవులాట నేర్పితే, ఆ కుక్క రేపు ఎలుక కలుగు దగ్గర కూడా అదే తిండి దేవులాడుతుంది. ఆ మందు కడుపులోకి పోతే విషవాయువు పుడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. కనుక ఆటలో నూకలు, గింజలు వాడవద్దు. తిండిని చేలో, గడ్డిలో, గట్ల మీద చల్లవద్దు. తట్టలో ఉన్నదే తనదని కుక్కకు తెలియాలి.

ఎర పెట్టినప్పుడు పొట్లం కలుగు లోపలికి తోసి మూసివేయండి. చచ్చిన ఎలుకలను ఏరి పాతిపెట్టండి. ఆ రోజుల్లో కుక్కను ఇంటి దగ్గరే కట్టండి. ఒకవేళ అది మందు తిన్నదని అనుమానం వస్తే పాలు, అన్నం పెట్టి ఆలస్యం చేయవద్దు. తిండి పడితే కడుపులో విషవాయువు ఇంకా ఎక్కువ పుడుతుంది. మందు డబ్బా చేతబట్టుకొని వెంటనే పశువైద్యుని దగ్గరికి తీసుకుపోండి.

రేపటి నుండే ఒక పాత తట్టను ఇందుకోసం వేరుగా పెట్టుకోండి.