నామినేషను వేరు, వారసత్వము వేరు

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వేతన సవరణ, ఖాళీల భర్తీ, పనిగంటలు: మన తరగతులలో సాధారణముగా చర్చకు వచ్చు విషయములివి. ఈనాడు మేము ఎత్తుకొన్నది ఈ పట్టికలో ఎన్నడును చేరనిది. ఉద్యోగి కన్నుమూసిన తరువాత అతని సొమ్ము ఎవరికి, ఏ దారిన చేరునన్నది ప్రశ్న. వీలునామాలు జమీందార్ల వ్యవహారమని కొందరు నవ్వవచ్చును. ఎస్టేటు సుంకము సహితము 1985లోనే రద్దయినది గదా అని చట్టము తెలిసిన సభ్యులు అనవచ్చును. పన్ను లేనంత మాత్రమున పంపకము దానంతటది జరుగదు.

లెక్క వేసి చూడుడు. ముప్పది యేండ్లు పనిచేసిన గ్యాంగ్‌మన్‌కు గాని, పోస్ట్‌మన్‌కు గాని ప్రావిడెంట్ ఫండు, గ్రాట్యుటీ, గ్రూపు ఇన్సూరెన్సు, నిలువయున్న సెలవుల జీతము ఉండును. ఒకటి రెండు పాలసీలు, కొన్ని పోస్టాఫీసు సర్టిఫికెట్లు, అప్పుచేసి కట్టుకొన్న ఇల్లు ఉండును. ఈ మొత్తము అతడు బ్రతికియుండగా ఒక్కచోట ఎన్నడును కంటబడదు. అతడు పోయిన పిదప అంతయు ఒక్కసారి కుటుంబము ముందు నిలుచును.

మా కార్యాలయములకు వచ్చు సెటిల్‌మెంటు కేసులలో పెక్కింటి చిక్కు ఉద్యోగములో చేరిననాడు నింపిన ఫారము వద్దనే మొదలగుచున్నది. ఇరువది రెండేండ్ల యువకుడు గుమాస్తా ముందుంచిన కాగితముపై అన్న పేరో, మేనమామ పేరో వ్రాయును. తరువాత పెండ్లి, బిడ్డలు, మూడు బదిలీలు. ఆ కాగితము మాత్రము సర్వీసు రిజిస్టరులో కదలకయుండును. కుటుంబము లేనపుడు బయటివారి పేర చేసిన గ్రాట్యుటీ నామినేషను కుటుంబము ఏర్పడినంతనే చెల్లదని నియమములే చెప్పుచున్నవి. అయినను అన్నగారు లాయరు నోటీసు పంపును, కార్యాలయము ఫైలును ప్రక్కన పెట్టును, ఆ ఇల్లాలు వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు వెంట నెలల తరబడి తిరుగును. 2004 తరువాత చేరిన వారి పెన్షను ఖాతాలో నామినేషను విడిగా ఉండును. దానిని కూడ చూచుకొనవలెను.

నామినీయే సొత్తుదారు అనుకొనుట మరియొక పొరపాటు. నామినీ సొమ్ము పుచ్చుకొనుటకు అర్హుడే గాని, అది వారసులకు చెందునని సుప్రీంకోర్టు బీమా పాలసీల విషయమున 1983లో తీర్పు చెప్పినది. జాతీయ పొదుపు సర్టిఫికెట్ల విషయమున 2000లోను అదే చెప్పినది. ఈ సర్టిఫికెట్ల క్లెయిములను దినదినము పరిష్కరించు మన తపాలా సోదరులలోనే ఇది తెలియనివారు ఉండుట విచిత్రము. బీమా చట్టమునకు 2015లో చేసిన సవరణతో, తల్లిదండ్రులను, భార్యను లేక భర్తను, బిడ్డలను నామినీలుగా చేసినచో ఆ సొమ్ము వారికే చెందును. సోదరుని పేరు వ్రాసినచో పాత సూత్రమే వర్తించును.

మరి వారసులెవరు? వీలునామా లేక మరణించిన హిందూ పురుషుని స్వార్జితము 1956 చట్టము ప్రకారము భార్యకు, కుమారులకు, కుమార్తెలకు, తల్లికి సమభాగములుగా పోవును. తండ్రికి ఆ మొదటి వరుసలో చోటు లేదు. కొడుకు పంపు డబ్బుతోనే బ్రతుకుచున్న ముదుసలి తండ్రులు మన సభ్యుల ఇండ్లలో ఎందరో ఉన్నారు. వారి పరిస్థితి యోచింపుడు.

మహిళా ఉద్యోగుల విషయము ఇంకను కఠినము. భర్త పోయి, బిడ్డలు లేని హిందూ స్త్రీ వీలునామా వ్రాయకుండ మరణించినచో, ఆమె స్వయముగా సంపాదించినది సహితము కన్నతల్లికి గాక భర్త వారసులకు పోవునని 2009లో సుప్రీంకోర్టు నిర్ణయించినది. పెండ్లయిన కొలది నెలలకే భర్తను కోల్పోయి, పుట్టింట చేరి, చదువుకొని ఉద్యోగము సంపాదించిన స్త్రీ ఆస్తి గురించిన తీర్పు అది. ఈ న్యాయము మాకు న్యాయముగా తోచదు. చట్టము మారువరకు అట్టి సోదరీమణులకు ఒక కాగితమే రక్షణ.

ఆ కాగితమునకు లొంగనిది కుటుంబ పెన్షను. అది ఉద్యోగి ఆస్తి కాదనియు, వీలునామా ద్వారా ఇచ్చుటకు వీలులేదనియు ఒక రైల్వే ఉద్యోగి కుటుంబమునకు సంబంధించిన కేసులో 1991లో తేలినది. కనుక పెన్షను కాగితములలో భార్య పేరు, బిడ్డల పుట్టిన తేదీలు సరిగా ఉన్నవో లేవో చూచుకొనుటయే మన పని. మతిస్థిమితము లేని బిడ్డయో, అంగవైకల్యము వలన సంపాదించుకొనలేని బిడ్డయో ఉన్నవారు, తాము జీవించియుండగానే వైద్య ధ్రువపత్రముతో ఆ బిడ్డ పేరు పెన్షను ఉత్తరువులో చేర్పించుకొనవలెను. తల్లిదండ్రులిరువురును పోయిన పిదప ఆ బిడ్డ పక్షమున ఆఫీసుల చుట్టు తిరుగువారెవరు?

వీలునామాకు తెల్లకాగితము చాలును. స్టాంపు అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. వ్రాసినవారు సంతకము గాని వ్రేలిముద్ర గాని వేయవలెను. ఇద్దరు సాక్షులు వారి యెదుట సంతకము చేయవలెను. లాభము పొందువారిని సాక్షులుగా పెట్టకుండుట మేలు. ఉమ్మడి ఆస్తిలో తన వాటా వరకే వ్రాయవచ్చును. ముస్లిం సభ్యులు వారసుల సమ్మతి లేనిదే మూడవ వంతునకు మించి వ్రాయరాదు. మనసు మారినపుడు మరియొకటి వ్రాసుకొనవచ్చును. ఇంటిలో భద్రము కాదనుకొన్నవారు సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు వద్ద దాచుకొను ఏర్పాటు ఉన్నది. ఎక్కడ ఉంచినదియు ఇంటిలో ఒక్కరికైనను చెప్పవలెను. పాలసీ నంబర్లు, సర్టిఫికెట్ల వివరము, సొసైటీ అప్పు నిలువ ఒక పుటలో వ్రాసి దానికి జతపరుపుడు.

వచ్చే నెల చందా వసూలుకు పోవునపుడు శాఖా కార్యదర్శులు నామినేషను ఫారములు కూడ వెంట తీసుకొని పోవలెనని కోరుచున్నాము. ముందుగా తమ ఫారము నింపి పర్సనల్ బ్రాంచిలోనో, డివిజనల్ ఆఫీసులోనో ఇచ్చి, రసీదు పుచ్చుకొని మరీ బయలుదేరుడు.