పసిపిల్లలకు నవ్వుల కథలు

మూడేండ్లు నిండి ఇంకను బడికి పోని పిల్లలకు కథ చెప్పుట సులభమని చాలమంది తలంతురు. నిజమునకు అంత కఠినమైన సభ మరియొకటి లేదు. ఉపన్యాసము రుచింపకున్నను పెద్దలు మర్యాదకై కూర్చుందురు. ఈ సభ్యులు లేచిపోవుదురు. అయితే వీరికొక గొప్ప గుణమున్నది. నచ్చిన కథను నూరుమార్లు చెప్పినను విందురు. నూటయొకటవ మారు అందులో ఒక్క మాట మారినను పట్టుకొందురు. ఈ పట్టుకొనుటలోనే నవ్వు పుట్టుచున్నది.

ఏడు చేపల కథనే తీసికొనుడు. రాజకుమారులు తెచ్చి ఎండవేసిన చేపలలో ఒకటి ఎండకపోవుట, అందుకు గడ్డివామును, ఆవును, పాలేరును వరుసగా ప్రశ్నించుచు పోయి చివరకు చీమ పుట్టకడ ఆగుట మనకందరకు తెలిసినదే. గిద్దలూరు ప్రాంతమున ఈ కథ మొదటి వాక్యముననే నవ్వు పుట్టించును. వేసవిలో అక్కడి ఎండ యెరిగిన బిడ్డ, చేప ఎండలేదనగానే ఆశ్చర్యపడును. ఆ సందు దొరికినప్పుడు అవ్వ కథను కొంచెము వంపవచ్చును.

“ఏడో చేప ఎందుకు ఎండలేదంటే, గొడుగు ఏసుకొని కూర్చున్నాది.”

“కాదవ్వా! గడ్డిమోపు అడ్డమొచ్చినాది! చేపకు గొడుగు యాడిది?”

“గిద్దలూరు బజార్లో కొనుక్కున్నాది.”

“దుడ్లెవరిచ్చినారు?”

“చీమ అప్పిచ్చినాది. అప్పు తీర్చలేదనే కుట్టినాది.”

“మరి పిల్లోణ్ణి ఎందుకు కుట్టినాది?”

“పూచీ పడినోడు వాడే గదా!”

పూచీ యననేమో బిడ్డకు తెలియదు. అరుగుమీద కూర్చున్న తాతకు తెలియును. ఆయన నవ్వును చూచి బిడ్డ మరింత నవ్వును. మంచి నవ్వుల కథలో పెద్దలకును కొంత భాగముండుట న్యాయమే. రోజూ ఒకే కథ చెప్పి విసిగినవారికి అది కూలి వంటిది.

ఇందొక నియమము కలదు. ముందు అసలు కథ బిడ్డకు కంఠస్థము కావలెను. వంకర కథ పిమ్మట రావలెను. గడ్డిమోపు సంగతి తెలియని బిడ్డకు గొడుగులో వింత యేమి కనబడును? రష్యా దేశపు రచయిత కొర్నేయ్ చుకోవ్‌స్కీ పసిపిల్లల మాటలను ఏండ్ల తరబడి సేకరించి, ‘రెండు నుండి ఐదు’ అను పేరుతో గ్రంథము వ్రాసెను. ఇరువదిమూడు నెలల తన కుమార్తె ఒకనాడు దగ్గరకు వచ్చి, కుక్క మ్యావుమనునని కొంటెగా పలికినదట. కుక్క యెట్లు అరచునో ఆమెకు కొత్తగా స్థిరపడినది. స్థిరపడినది కనుకనే తలక్రిందులు చేసి చూచినది. ఇట్టి ఆటవలన బిడ్డ తికమకపడదనియు, తనకు తెలిసినది తనకు తెలియునన్న ధైర్యము బలపడుననియు చుకోవ్‌స్కీ అభిప్రాయము. పిల్లలకు తప్పులు నేర్పరాదని అభ్యంతరము చెప్పు పెద్దలు ఈ సంగతి ఆలోచింపవలెను.

అట్లని అన్ని నవ్వులును మంచివి కావు. మన పాత హాస్యకథలలో గ్రుడ్డివానిని, నత్తివానిని, ఏదో ఒక కులవృత్తివానిని నవ్వులపాలు చేయునవి కొన్ని కలవు. వానిని నేను పసివారికి చెప్పను. వినువారిలోనే ఒక బిడ్డకు నత్తి యుండవచ్చును. రాజు పంచె జారవచ్చును, సింహమునకు తుమ్ము రావచ్చును. బలము గలవాడు తడబడిననే నవ్వు పండును.

పులి విషయము కొంత వేరు. గిద్దలూరునకు పడమట నల్లమల యున్నది. 1983లో పులుల సంరక్షణ పథకమున చేరిన నాగార్జునసాగర్–శ్రీశైలం అభయారణ్యము ఈ కొండలలోనిదే. అక్కడి బిడ్డకు పులి బొమ్మలలోని జంతువు కాదు. దాని అడుగుజాడలను గూర్చి ఇంటిలో మాటలు వినుచునే యుండును. పులికి పంటినొప్పి వచ్చినదని చెప్పి నవ్వించినచో రాత్రి భయము కొంత తీరును, మంచిదే. కాని కథలోని పులి వేరు, అడవిలోని పులి వేరని వెంటనే చెప్పవలెను.

1975లో అంగన్‌వాడీ పథకము ప్రారంభమైన నాటినుండి మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు గల పిల్లలకు ఆటపాటలతో పూర్వవిద్య నేర్పుట అందులో భాగము. అచ్చట కథకు ఖర్చు లేదు. పలకల గనులకు పేరుపొందిన మార్కాపురము పొరుగుననే యున్నది. ఒక పలక, ఒక బలపము చాలును. పంచతంత్రములోని సింహము, కుందేలు కథకై పలకపై నుయ్యి గీయవలెను. “సింహము తొంగి చూచినది. ఎండాకాలము గదా, నూతిలో నీళ్ళు లేవు. నీడ యెట్లు కనబడును?” అని అచ్చట ఆగవలెను. కరవు సీమ పిల్లలు ఊరకుండరు. ఒకడు కుందేలుచేత బిందె మోయించును. మరియొకతె ట్యాంకరును పిలిపించును. నీళ్ళు నిండువరకు సింహమును మాటలలో పెట్టుట కుందేలు పని. ఆ మాటలన్నియు పిల్లలే చెప్పుదురు.

ఇంటిలో చెప్పువారు కరవైన పిల్లల మాట యేమి? వానలు తప్పిన యేట ఈ పడమటి ప్రాంతమునుండి హైదరాబాదునకు, బెంగుళూరునకు కూలికై వలస పోవువారు అనేకులు. బిడ్డ అవ్వ దగ్గర మిగులును. ఇటలీ రచయిత జాన్నీ రోదారి 1962లో ‘టెలిఫోను కథలు’ అను పుస్తకము ప్రకటించెను. ఊరూర తిరిగి మందులమ్ము తండ్రి యొకడు ప్రతి రాత్రి ఇంటికి టెలిఫోను చేసి కుమార్తెకు ఒక కథ చెప్పును. టెలిఫోను రుసుము హెచ్చు గనుక అవి చిన్నకథలు. వానిలో ఒకదానియందు ఒక తాత ఎర్రటోపీ పిల్ల కథను అడుగడుగున తప్పుగా చెప్పుచుండ, బిడ్డ దిద్దుచుండును.

నేడు వలసపోయిన మన తండ్రి చేతిలోను ఫోనున్నది. రుసుము భయము అంతగా లేదు. కాని “తిన్నావా, బాగున్నావా” యను రెండు ప్రశ్నలతో మాటలు ముగిసిపోవును. నాలుగేండ్ల బిడ్డ ఊకొట్టి ఫోను అవ్వకిచ్చును. ఆ తండ్రి, “కుందేలును చూచి సింహము చెట్టెక్కినాదంట” అని మొదలుపెట్టి చూడవలెను. “కాదు నాయనా! సింహము చెట్టెక్కదు!” అని అటునుండి కేక వినవచ్చును. “ఎక్కినాదమ్మా, నేను చూసినా” అనవలెను. ఇక అవ్వ ఎంత అడిగినను బిడ్డ ఆ ఫోను ఇయ్యదు.